తొమ్మిదో మేకు

నూట నలభై ఒకటి దగ్గర తాళాలాయన చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళి నూట ముప్పై ఎనిమిదో మేకును మళ్ళీ తడిమాడు. తాళంచెవి ఉంది. ఉంటుందని ఆయనకు తెలుసు. రాత్రి తగిలించింది తానే. గదికి కిటికీ లేదు, గది తాళంచెవి ఆయన దిండు కిందే పడుకుంటుంది. అయినా తడిమాడు. లోకంలో దొంగలు కానివాళ్ళెవరో తేలేదాకా తడమక తప్పదు.

ఉదయం అయిదున్నర. విశ్వవిద్యాలయం పాత భవనంలో పెద్ద మెట్ల కింది గది అది. ఒక మనిషి కాళ్ళు చాపుకుంటే రెండో మనిషికి చోటు చాలదు. ఒక గోడ మొత్తం చెక్కపలక. పలక మీద రెండు వందల పన్నెండు మేకులు, ప్రతి మేకు కింద కాల్చి వేసిన అంకె. ఒక బల్ల, ఒక కుర్చీ, బల్ల మీద నూనె సీసా, చింపిన పాత బనీను గుడ్డ. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన రోజు ఇక్కడే మొదలవుతోంది. మనిషి సన్నగా, కొద్దిగా కుడివైపుకు ఒరిగి ఉంటాడు. తాళాల గుత్తి ఎప్పుడూ ఆ పక్కనే వేలాడింది మరి. కుడి బొటనవేలూ చూపుడువేలూ ఇత్తడి రంగుకు తిరిగాయి. సబ్బుకు పోదు. ఆ వాసన కంచంలోకి కూడా వస్తోందని భార్య అనేది.

లెక్క పూర్తయింది. రెండు వందల పదకొండు. లేనిది తొమ్మిదో నంబరు.

తొమ్మిదోది పోలేదు. ఆయన చొక్కా లోపల, ఎడమ పక్క, తానే సూదీ దారం పట్టి కుట్టుకున్న జేబులో ఉంది. మూడు నెలలుగా అక్కడే ఉంది. పడుకున్నప్పుడూ తీయడు. పొద్దున లేచేసరికి రొమ్ము మీద దాని అచ్చు పడి ఉంటుంది.

ఇక్కడ తాళాలకు ఒక పద్ధతి ఉంది. పర్మనెంటు ఉద్యోగంలో చేరినవాళ్ళకు మొదటిరోజే ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారు, దాని మీద వాళ్ళ నంబరు. తాళంచెవి కావాలంటే బిళ్ళను ఆ మేకుకు తగిలించి తీసుకోవాలి. తిరిగి తెచ్చాక బిళ్ళ తీసుకుపోవాలి. రాతకోతలు లేవు. బిళ్ళ ఉంటే ఎందుకని అడగకూడదు. లేకపోతే ఏం చెప్పినా వినకూడదు. నూట పాతికేళ్ళ కిందట ఈ చోట బడి పెట్టిన ముగ్గురు ఫాదర్లలో ఒకాయన గనుల ప్రాంతంలో పుట్టాడట. గనిలోకి దిగేవాడు పైన మేకుకు బిళ్ళ తగిలించి దిగుతాడు. సాయంత్రానికి బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపల మిగిలినట్టు. ఆ పద్ధతినే ఆయన బడికి తెచ్చాడు. తాళాలాయనకు ఇందులో నచ్చిందల్లా ఒకటే. ఎదుటివాడి మొహం చూడనక్కర్లేదు. మొహాలు అబద్ధమాడతాయి, ఇత్తడి ఆడదు.

వీణ్ణి స్వర్గం గుమ్మం దగ్గర నిలబెట్టినా ముందు బిళ్ళ ఏదని అడుగుతాడు అని ఫాదర్లు నవ్వుకునేవారు. ఆయనకు అది మెచ్చుకోలుగానే తోచేది.

ఈ విశ్వవిద్యాలయం చరిత్ర కావాలంటే ఆ పలక చూస్తే చాలు. పై వరసలో జానెడేసి ఇనప చెవులు. నాలుగు గదుల బడి, చాపెలు అనే చిన్న ప్రార్థన మందిరం, బావి గది. అప్పుడు చుట్టూ ఇటుకబట్టీలు, పొగ, బండ్లబాట. రెండో వరసా మూడో వరసా ఇత్తడివి. బడి కాలేజీ అయింది, బాట రోడ్డయింది. ఆ కింద సన్నటి స్టీలువి. కాలేజీ విశ్వవిద్యాలయమైంది. రోడ్డు మీద ఇంకో రోడ్డు వేశారు, దాని మీద రైలు వేశారు. రైలు వెళ్ళినప్పుడల్లా పలక మీది తాళాలన్నీ సన్నగా గలగలమంటాయి. పలక అక్కడితో ఆగిపోయింది. కొత్త భవనాలకు తాళాలు లేవు, కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. కొత్తవాళ్ళకు బిళ్ళలూ లేవు. పదేళ్ళుగా చేరినవాళ్ళందరూ కాంట్రాక్టు మీదే.

అన్నిటికంటే కింది వరసకు అసలు గదులే లేవు. దక్షిణపు హాస్టలు పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేశారు. వడ్రంగి బడి నేలను ఆసుపత్రికి అమ్మారు. అచ్చుయంత్రం గది ఉన్నచోట ఇప్పుడొక బట్టల దుకాణం మెరుస్తోంది. అమ్మిన ప్రతిసారీ, ఇక్కడ అందరికీ పైవాడైన రెక్టరు ఫాదరు, నగరం మారుతోంది మనమూ మారాలి అని ప్రసంగించేవాడు. రెక్టర్లు మారారు, ప్రసంగం మారలేదు. తాళాలు మాత్రం వెనక్కి అడిగినవాడు లేడు. తాళాలాయన వాటికి కూడా నెలకోసారి నూనె రాస్తాడు.

ఇక మిగిలింది తూర్పు నేల.

అది ఒక ఇటుకబట్టీ యజమానురాలు ఇచ్చింది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. మట్టి తవ్వి తవ్వి పల్లమైపోయిన నేలను ఫాదర్ల చేతిలో పెట్టి, చనిపోయిన ఫాదర్లనూ, ఇక్కడ పనిచేస్తూ చనిపోయినవాళ్ళనూ అందులో పూడ్చాలని, ఎన్నటికీ అమ్మకూడదని కాగితం రాయించిందని చెప్పుకుంటారు. మొదటి సమాధి ఆవిడదే. ఇప్పుడు ఆ పల్లానికి మూడు పక్కలా ముప్పై అంతస్తుల మేడలు లేచాయి. మధ్యాహ్నం రెండింటికే సమాధుల మీద చీకటి పడుతుంది. మూడో వరసలో, గోడ నుంచి నాలుగోది తాళాలాయన భార్యది. ఆమె పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంది. ఆయన తోటమాలి చేత దానికి నాలుగు మూలలా ఇటుకలు పాతించాడు, ఎవడూ ముందుగా వచ్చి పడుకోకుండా.

ఎనిమిదింటికి కాంట్రాక్టు మేడమ్ వచ్చింది. నూట పాతికేళ్ళ ఉత్సవానికి చరిత్ర పుస్తకం రాయడానికి రెండేళ్ళ ఒప్పందం మీద తెచ్చుకున్న మనిషి. ముప్పై దాటి ఉండవు. భుజాన వెడల్పాటి సంచీ, మడమ దగ్గర అరిగిన చెప్పులు. మూడు నెలలుగా రోజూ ఇదే వేళకు వచ్చి ఒకటే మాట అడుగుతుంది. తొమ్మిదో నంబరు అంటే చాపెలు కింద ఉన్న పాత దస్తరాల గది.

"బాబాయ్, తొమ్మిదోది దొరికిందా?"

"లేదమ్మా. వెతుకుతున్నా."

"తలుపు పగలగొట్టిద్దామంటే రెక్టరు గారి ఆఫీసులో సంతకం పెట్టరు. మీరేమో వెతుకుతూనే ఉంటారు. ఆ గదికి నామీద ఏదో పాత కక్ష ఉంది బాబాయ్." నవ్వింది. తాళాలాయన ఆ నవ్వును పరీక్షగా చూశాడు. పొద్దున్నే అంత నవ్వేవాళ్ళకు ఏదో కావాలి.

"దొరికినా నీకు బిళ్ళ లేదుగా."

"రెండేళ్ళ ప్రాణానికి బిళ్ళెవరిస్తారు?" అని, గొంతు తగ్గించింది. "రేపు భూముల కమిటీ కూర్చుంటోంది. ఈరోజు సాయంత్రంలోపు నేను ఆ గదిలోకి వెళ్ళకపోతే తర్వాత వెళ్ళి లాభం లేదు."

భూములు అన్న మాట వినగానే ఆయన చెయ్యి దానంతట అది ఎడమ రొమ్ము మీదికి వెళ్ళింది. దురద పెట్టినట్టు గోక్కుని దించేశాడు. పుస్తకం రాసేదానికి భూములతో ఏం పని? ఈరోజే కావాలని తొందరేమిటి? చూస్తానమ్మా అన్నాడు. ఆమె వెళ్ళిపోయాక గుమ్మం దాకా వచ్చి ఎటు తిరిగిందో చూశాడు. ఫాదర్ల నివాసం వైపు తిరిగింది.

ఆయన అనుమానానికి ఆధారం లేకపోలేదు. ఆమె వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం భార్య సమాధి దగ్గరికి వెళ్తూ గోడ పక్కన ఆగిపోయాడు. తూర్పు నేలలో ఎస్టేటు ఆఫీసరు టేపు పట్టుకుని ఉన్నాడు. విశ్వవిద్యాలయం నేలలూ భవనాలూ చూసేది ఆయనే. పది అడుగుల దూరంలో ఈమె సమాధుల మధ్య నడుస్తూ, ఆగుతూ, పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. ఇంకేం కావాలి? ఇటుకబట్టీలామె కాగితం తొమ్మిదో గదిలో ఉందని అందరూ అనుకునేదే. కాగితం మాయమైతే నేల అమ్ముడుపోతుంది. ఆ రాత్రే మేకు మీది తాళంచెవి ఆయన చొక్కాలోకి వచ్చింది.

పదింటికి ఫాదర్ల నివాసానికి బయలుదేరాడు. పై అంతస్తులో పెద్ద ఫాదరు ఉంటాడు. తొంభై ఒక్క ఏళ్ళు. ఒకప్పటి రెక్టరు, తాళాలాయనను పనిలో పెట్టింది ఆయనే. రెండేళ్ళ కిందట నిద్రలో లేచి బాల్కనీలోకి నడిచాడని ఆ తలుపుకు తాళం వేయించారు. రోజూ పొద్దున ఒక గంట తెరవాలి. ఆ గంట కోసం ముసలాయన ఎదురుచూస్తాడు, ఆ తాళం కోసం తాళాలాయన వస్తాడు.

దారిలో చాపెలు పక్క గది కిటికీ తగిలింది. అందులోనే భార్య ఇరవై ఏళ్ళు పూజ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసింది. ఒక ఏడాది అక్కడ వెండి పూజపాత్ర కనబడలేదు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా. ఆమె పనిలో ఉన్న వేళ చూసి, గుత్తిలో సరిపోయే తాళంచెవితో ఆమె పెట్టె తెరిచింది మొగుడే. మడత బట్టలు, నాలుగు రోజులు బతికిన బిడ్డ టోపీ, ఎండిన వేపాకు. ఇంకేం లేదు. టోపీ చేతిలో ఉండగా ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"అడిగితే చెప్పేదాన్ని కదా" అంది.

అంతే అంది. మూడోరోజు తేలింది, మెరుగు పెట్టించడానికి ఫాదరే పాత్రను కంసాలికి ఇచ్చాడట. ఆ తర్వాత ఆమె తన పెట్టెకు తాళం వేయలేదు. మూత కూడా వేయలేదు. పదకొండేళ్ళు, చనిపోయేదాకా, ఆ పెట్టె మంచం పక్కన నోరు తెరుచుకునే ఉంది. ఆయన ఒక్కసారైనా తప్పయిందని అనలేదు. తర్వాత అనడానికి మనిషి లేదు.

పెద్ద ఫాదరు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు మెత్త నొక్కుకుని ఉంది. ఎవరో కాదు, ఆమే. సాయంత్రాలు కూడా వచ్చి రెండేసి గంటలు ముసలాయనకు చదివి వినిపిస్తుందని సిస్టర్లు మురిసిపోతారు. ఊరికే ఎవరు చదువుతారు?

తలుపు తెరిచాడు. తూర్పు నేల కనబడింది. ముసలాయన అటే చూస్తూ అడిగాడు.

"తొమ్మిది దొరికిందా?"

"లేదు ఫాదర్."

"నా దగ్గర కూడానా?" నవ్వబోతే దగ్గు వచ్చింది. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. "నువ్వు తాళం పోగొట్టావంటే నమ్మే మనిషి ఈ ఆవరణలో ఇంకా పుట్టలేదురా."

తాళాలాయన నేల చూశాడు. ముసలాయన దిండు కింద వెతికి ఒక బిళ్ళ తీశాడు. ఆరో నంబరు. అరవై ఏళ్ళు వేళ్ళ మధ్య నలిగి అంకె అరిగిపోయింది. చూపుకు అందదు, వేలికి అందుతుంది.

"దీన్ని తొమ్మిదో మేకుకు తగిలించి తాళం ఆ అమ్మాయికివ్వు. ఎదురుగా ఉన్న అరలో రేకుపెట్టె ఉంది, నేనే పెట్టాను. అందులో ఇటుకలామె కాగితం ఉంది. రేపు కమిటీ ముందు అది పెడితే ఆ నేల జోలికి ఎవరూ రారు. ఈరోజే ఇవ్వు."

"బిళ్ళ గలవాళ్ళే వచ్చి తగిలించాలి ఫాదర్."

"నేను మెట్లు దిగేది ఇంకొక్కసారే. అప్పుడు కూడా నలుగురు మొయ్యాలి. నా తరఫున నువ్వే తగిలించు. ఏం, నన్నూ అనుమానిస్తావా?"

"అలాగే ఫాదర్" అన్నాడు.

మెట్లు దిగుతూ ఆలోచించాడు. ముసలాయన మంచివాడే. మంచివాళ్ళ చేతనే సంతకాలు పెట్టించుకుంటారు. తొంభై ఒక్క ఏళ్ళ మనిషి దిండు కింది నుంచి బిళ్ళ తీయించగలిగిన పిల్ల పెట్టెలోంచి కాగితం తీసి ఎవరి చేతిలో పెడుతుందో ఎవరికి తెలుసు? టేపు పట్టినవాడి పక్కన తన కళ్ళతో చూశాడు. గదికి వచ్చి తొమ్మిదో మేకు ముందు నిలబడ్డాడు. బిళ్ళ వేళ్ళ మధ్య వెచ్చగా ఉంది. తగిలించలేదు. చొక్కా లోపలి జేబులో, తాళంచెవి పక్కన వేసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో వచ్చిన బిళ్ళ మేకు ఎక్కకపోవడం అదే మొదలు.

ఒంటిగంటకు రొట్టె నములుతుండగా ఎస్టేటు ఆఫీసరు వచ్చాడు. చెమట పట్టని మనిషి. బూట్లలో మొహం చూసుకోవచ్చు. వస్తూనే మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నా అని అడిగాడు. పలక దగ్గరికి వెళ్ళి తన చేత్తోనే తొమ్మిదో మేకుకు ఒక బిళ్ళ తగిలించాడు. ఒకటో నంబరు. రెక్టరు బిళ్ళ.

"దొరకట్లేదు సార్" అన్నాడు తాళాలాయన.

ఆఫీసరుకు కోపం రాలేదు. బల్ల అంచు మీద కూర్చుని గొంతు తగ్గించాడు.

"నువ్వు దాచావని నాకు తెలుసన్నా. మంచి పని చేశావు. ఇంతమందిలో కనిపెట్టింది ఆయనొక్కడే అని రెక్టరు గారు కూడా అన్నారు. ఆ అమ్మాయి పెద్ద ఫాదరు చేత ఏవేవో రాయించుకుంటోంది. ఆ రోజు గోడ పక్క నుంచి నువ్వూ చూశావుగా, నా వెంట తూర్పు నేలకు ఎందుకొచ్చిందనుకున్నావు? గజం ఎంత పలుకుతుందని అడగడానికి. ఆ పెట్టె దాని చేతిలో పడకముందే రెక్టరు గారి బీరువాలోకి చేరితే మనకు నిశ్చింత. ఆపైన నీ ఇష్టం."

అనుమానం ఉన్నవాడికి ఇంకొకడి అనుమానం చెవిన పడితే చుట్టం ఎదురొచ్చినట్టుంటుంది. తాళాలాయన రొట్టె కింద పెట్టాడు. ఈ మనిషి మీద కూడా ఆయనకు నమ్మకం లేదు. అలాంటి బూట్లు వేసుకునేవాణ్ణి ఎన్నడూ నమ్మలేదు. కానీ మేకుకు బిళ్ళ వేలాడుతోంది, తళతళలాడుతూ. బిళ్ళ ఉంటే అడగకూడదు. బిళ్ళ గలవాళ్ళే రావాలని పొద్దున తానన్న మాట ఇప్పుడు గుర్తు రాలేదు. గుండీ విప్పి లోపలికి చెయ్యి పెట్టాడు. వేళ్ళకు తాళంచెవీ ఆరో నంబరు బిళ్ళా రెండూ తగిలాయి. చూడకుండానే రెంటినీ విడదీసి, తాళంచెవి పైకి తీశాడు.

"నువ్వు రానక్కర్లేదన్నా. ఇరవై రెండు మెట్లు, మోకాళ్ళు పాడవుతాయి" అన్నాడు ఆఫీసరు.

ఆయన వెళ్ళలేదు. మిగిలిన రొట్టె తిన్నాడు.

మూడింటికి ప్యూను తాళంచెవి తెచ్చి బల్ల మీద పడేసి, ఒకటో నంబరు బిళ్ళ తీసుకున్నాడు. పోతూ పోతూ, తుప్పు పట్టిన పెట్టెను కారులో పెడితే సీటంతా పాడైందని డ్రైవరు తిట్టుకుంటున్నాడని చెప్పి నవ్వాడు.

"కారులోనా?"

"అవును బాబాయ్."

"రెక్టరు గది ఈ మేడ మీదేగా. కారెందుకు?"

"నాకేం తెలుసు? గేటు దాటి పోయింది."

తాళాలాయన లేచి నిలబడ్డాడు. లేచాక ఏం చేయాలో తోచలేదు. తాళంచెవి తీసి నూనె గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

అప్పుడు చాపెలు గంట మొదలైంది. మధ్యాహ్నం ఆ వేళకు కొట్టే గంట ఈ ఆవరణలో లేదు. ఒక దెబ్బ, కొంచెం ఆగడం, మళ్ళీ ఒక దెబ్బ. చనిపోయినవారికి వయసెంతో అన్ని దెబ్బలు. చివరిదాకా లెక్కపెట్టాల్సిన పని లేదు. ఇరవై దాటి, అరవై దాటి, ఇంకా మోగుతుంటే అంత వయసు ఇక్కడ ఒక్కరికే ఉంది.

ఫాదరు చనిపోతే గదికి తాళం వేయాల్సింది తాళాలాయనే. వెళ్ళేసరికి శరీరాన్ని చాపెలుకు దించేశారు. సిస్టరు ఒకావిడ మంచం మీది దుప్పటి తీస్తోంది.

"భోజనం ముట్టలేదు. బిళ్ళ తగిలించాడా అని రెండుసార్లు అడిగారు" అంది. "ఏ బిళ్ళ?"

"నాకు తెలీదు సిస్టర్."

బాల్కనీ తలుపు పొద్దున తెరిచింది తెరిచినట్టే ఉంది. ఒక గంటకు వచ్చి మూయాల్సింది, ఈరోజు మరిచిపోయాడు. ఆ ఒక్క మరపు వల్ల ముసలాయన చివరిదాకా తూర్పు నేల చూస్తూనే ఉండి ఉంటాడు. మూసి తాళం వేశాడు. గదికి తాళం వేశాడు. రెండు తలుపులనూ రెండేసిసార్లు లాగి చూశాడు.

మెట్ల కింద తోటమాలి పలుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది పనిలో చేరారు. గంట విని గొయ్యి తవ్వడానికి వెళ్తే ఆఫీసరు మనిషి ఆపాడని చెప్పాడు. పెద్ద ఫాదరును ఊరి బయట కొత్త శ్మశానంలో పెడతారట. ఇక్కడ ఇంకెవరినీ పూడ్చేది లేదట. ఉన్నవాళ్ళను కూడా వానలకు ముందే తీసి, ఒక్కొక్కరికి ఒక చెక్కపెట్టె చేయించి, అక్కడికి తరలిస్తారట.

"రేపు కదా కమిటీ?" అన్నాడు తాళాలాయన.

"రేపటి నిర్ణయానికి ఈరోజే పలుగు ఆగిందంటే ఇంకేం కమిటీ అన్నా. కంచే చేను మేస్తుంటే తోటమాలిగాడు ఏం చేస్తాడు?" పలుగు మొనను బొటనవేలితో తడిమాడు. "వదినను నేనే తీస్తాలే. పరాయివాళ్ళను చెయ్యి వెయ్యనివ్వను."

తాళాలాయన చాపెలు వెనక్కి వెళ్ళి, గోడ పట్టుకుని ఇరవై రెండు మెట్లు దిగాడు. తొమ్మిదో గది తలుపు తెరిచి దీపం వేశాడు. కాగితాల కట్టలు, తోలు అట్టలు, సాలెగూళ్ళు. ఎదురుగా ఉన్న అరలో దుమ్ము వేలు లోతున పేరుకుని ఉంది. దాని మధ్యలో పెట్టె ఆకారాన నాలుగు మూలల శుభ్రమైన చోటు.

ఎంతసేపు నిలబడ్డాడో, వెనక చెప్పుల చప్పుడైంది. మేడమ్. ఏడ్చి మొహం కడుక్కుని వచ్చింది. తెరిచి ఉన్న తలుపు చూసింది, ఆయన్ను చూసింది, అర చూసింది.

"ఎప్పుడు దొరికింది?"

"పోలేదమ్మా."

"ఎవరికిచ్చారు?"

"రెక్టరు గారి బిళ్ళ వచ్చింది."

"పెద్ద ఫాదరు బిళ్ళ రాలేదా?"

ఆయన జేబులోంచి తీసి అరచేతిలో చూపించాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆయన తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే సగం బరువు దిగేది. ఆమె తిట్టలేదు. అలసిపోయినట్టు గుమ్మానికి ఆనుకుంది.

"ఏం చూసి నన్ను..." అని ఆపేసింది.

"తూర్పు నేలలో నువ్వూ ఆ ఆఫీసరూ కలిసి కొలుస్తుంటే చూశాను."

"కొలిచింది ఆయన. నేను సమాధుల మీద పేర్లు ఎక్కించుకుంటున్నా, పుస్తకంలో వెయ్యడానికి. ఫాదర్లవే కాదు, అందరివీ. వంటవాళ్ళవి, చాకళ్ళవి." సంచీలోంచి పుస్తకం తీసి, తిప్పి, ఒక పేజీ దగ్గర ఆపి చూపించింది. మూడో వరస, నాలుగోది. భార్య పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది. పక్కన ఖాళీ. "పుట్టిన సంవత్సరం రాయి మీద చెరిగిపోయింది. మిమ్మల్ని అడుగుదామనుకుంటూనే ఉన్నా, మీరేమో నన్ను చూస్తేనే మొహం తిప్పేసుకుంటారు." పుస్తకం మూయబోయింది. "అడిగితే చెప్పేదాన్ని కదా బాబాయ్."

గోడ అవతల ఎక్కడో పైపులో నీళ్ళు పారుతున్న చప్పుడు. తాళాలాయన సంవత్సరం చెప్పాడు. ఆమె నిలబడే రాసుకుంది.

పైకి వచ్చాక ఆయన ఆమెను తన గది దాకా రమ్మన్నాడు. తొమ్మిదో మేకుకు ఆరో నంబరు బిళ్ళ తగిలించాడు. తాళంచెవి ఆమె ముందు పెట్టాడు.

"ఖాళీ గదికి తాళమెందుకు నాకు?"

"బిళ్ళ తగిలించాక తాళం ఇవ్వాలమ్మా."

"మళ్ళీ ఎప్పుడు తెచ్చివ్వాలి?"

"ఆయన వచ్చి బిళ్ళ అడిగినప్పుడు."

ఆమె తాళంచెవి సంచీలో వేసుకుని, కార్లు నిలిపే చోటు మీదుగా గేటు వైపు వెళ్ళింది. ఈసారి ఎటు తిరుగుతుందో చూడటానికి ఆయన గుమ్మం దాకా రాలేదు.

ఆరింటికి సాయంత్రపు లెక్క. ఒకటి నుంచి మొదలుపెట్టాడు. నూట ముప్పై ఎనిమిది దగ్గర ఆగలేదు, కింది వరసలో గదులు లేని తాళాల దగ్గరా ఆగలేదు. రెండు వందల పదకొండు. నూనె సీసాకు మూత బిగించి, గుడ్డ మడిచి, దీపం ఆర్పాడు. బయటికి వచ్చి తలుపు మూస్తుండగా పైన రైలు వెళ్ళింది. పలక మీది చెవులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. తొమ్మిదో మేకున మాత్రం అంకె అరిగిన ఇత్తడి బిళ్ళ, చప్పుడు చేసేంత బరువు లేక, అటూ ఇటూ ఊగి ఆగింది.